మట్ట నుంచి మార్కెట్ దాకా: ఆకు వ్యర్థాల స్టార్టప్‌లను గోదావరి డెల్టా నుంచి చూస్తే

కోనసీమలో కొబ్బరి మట్టను వ్యర్థం అనడం ఈమధ్య వచ్చిన అలవాటు. ఒకప్పుడు అదే ఇంటి కప్పు, పెరటి దడి, పెళ్ళి పందిరి, పొయ్యిలో మంట. ఈనెలు తీసి కడితే వాకిలి ఊడ్చే చీపురు. తాటాకు ఇళ్ళ స్థానంలో డాబాలు వచ్చాయి, 2016లో ఉజ్జ్వల పథకం మొదలైన తర్వాత మారుమూల లంక గ్రామాల్లోనూ గ్యాస్ పొయ్యి వెలిగింది, పందిళ్ళను షామియానాలు మింగేశాయి. మట్ట మాత్రం ఎప్పటిలాగే రాలుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని తోట గట్టున పోగేస్తున్నారు, లేదా కాల్చేస్తున్నారు.

ఇదే సమయంలో విశ్వవిద్యాలయాల్లో పుట్టిన చిన్న కంపెనీలు కొన్ని, రాలిన ఆకుల నుంచి స్ట్రాలు, పళ్ళేలు, కాగితం, తోలును పోలిన బట్ట తయారు చేస్తున్నామని ముందుకు వస్తున్నాయి. ఆ వార్తలు చదివిన డెల్టా రైతుకు సహజంగా వచ్చే సందేహాలు రెండు. మా తోటలో పడి ఉన్నదానికి నిజంగా ధర వస్తుందా? వస్తే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు కొనలేదు? ఈ రెండింటికీ జవాబు ప్రయోగశాలలో కొంతే దొరుకుతుంది. మిగతాది తోటకూ రోడ్డుకూ మధ్య ఉన్న దూరంలో దొరుకుతుంది.

ఒక ఎకరం తోట ఎంత ఆకు రాలుస్తుంది?

ఎదిగిన కొబ్బరి చెట్టు తల మీద సుమారు 30 నుంచి 35 మట్టలు ఉంటాయి. ఏడాదికి దాదాపు 12 కొత్తవి వస్తాయి, అన్నే పాతవి రాలుతాయి. ఎకరానికి 70 చెట్లు అనుకుంటే ఏడాదికి 840 మట్టలు. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ హెక్టారు తోట నుంచి ఏటా 6 నుంచి 8 టన్నుల ఆకు వస్తుందని లెక్క కట్టింది. అంటే ఎకరానికి సుమారు రెండున్నర నుంచి మూడు టన్నుల పైచిలుకు, ఒక్కో మట్ట మూడు నుంచి నాలుగు కిలోల చొప్పున. ఈ వ్యాసంలో ఇకపై ఎకరానికి మూడు టన్నులు అనే గుండ్రని అంకెనే వాడుకుందాం.

అరటి సంగతి వేరు. అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక మిగిలే బోదె, ఎండిన ఆకులు మొత్తం ఆ తోటలోనే ఉంటాయి. రావులపాలెం మార్కెట్ యార్డుకు గెలలు పంపే ప్రతి తోటలోనూ ఈ దృశ్యం కనబడుతుంది. అరటాకుకు భోజనాల గిరాకీ ఉంది కాబట్టి పచ్చి ఆకును ఎవరూ వ్యర్థం అనరు. సమస్యంతా బోదెతోనే. వృక్షశాస్త్రం చెప్పేదేమిటంటే, మనం కాండం అనుకునే ఆ బోదె నిజానికి ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగుల కట్ట. కాబట్టి ఆకు వ్యర్థాల చర్చలో దానికీ చోటుంది.

అన్నానికీ గడ్డికీ ఉన్న తేడా

ఆకును వస్తువుగా మార్చడం గురించి మాట్లాడే ముందు ఆకులో ఏముందో తెలియాలి. సార్వా కోతయ్యాక ఒకే వరి మొక్క నుంచి బియ్యం మన ఇంటికి, గడ్డి పశువుల పాకకు వెళతాయి. బియ్యంలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ అనే ఒకే చక్కెర పూసలను గుచ్చిన దండలే. పూసకూ పూసకూ మధ్య ముడి వేసిన తీరు మాత్రమే వేరు. ఆ చిన్న తేడా వల్ల పిండిపదార్థం మెత్తబడి గంజి అవుతుంది, సెల్యులోజ్ తిన్నగా బారులు తీరి దారమవుతుంది. మన కడుపు మొదటి ముడిని విప్పగలదు, రెండోదాన్ని విప్పలేదు. గేదె కడుపులోని సూక్ష్మజీవులు విప్పగలవు. 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల నుంచి ఈ పదార్థాన్ని వేరు చేసి గుర్తించాడు.

అయితే ఆకులో సెల్యులోజ్ ఒంటరిగా ఉండదు. పాతకాలపు తడిక గోడను గుర్తుకు తెచ్చుకుంటే దాని అమరిక తేలిగ్గా అర్థమవుతుంది. నిలువుగా, అడ్డంగా పెట్టిన వెదురు దబ్బలు సెల్యులోజ్ అయితే, వాటిని బిగించిన నార హెమీసెల్యులోజ్, పైన మెత్తి ఎండబెట్టిన మట్టి లిగ్నిన్. గోడ వానకు నిలబడేది ఆ మట్టి పూత వల్లే. కానీ దబ్బలను పాడుకాకుండా బయటికి తీయాలంటే ముందు వదిలించాల్సింది కూడా దాన్నే. ఆకు ఉపరితలం మీద వీటన్నిటికీ తోడు పలుచని మైనపు పొర ఉంటుంది. కొబ్బరాకు మీద వాన చుక్క నిలవకుండా జారిపోయేది దాని వల్లనే. ఏ స్టార్టప్ ఏ వస్తువు చేస్తోందన్నది చివరికి ఈ నాలుగింటిలో దేన్ని ఉంచుకుంటుంది, దేన్ని వదిలించుకుంటుంది అనే నిర్ణయమే.

ఆకు రూపాన్ని నిలబెట్టే దారి

అన్నిటికంటే సులువైన దారిలో ఆకు ఆకుగానే ఉంటుంది. ఇది కొత్త విద్య కాదు. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో ఉన్న తాళపత్ర గ్రంథాలు ఈ దారికి పాత సాక్ష్యాలు. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, సమంగా కత్తిరించి రాతకు తయారు చేసేవారు. పురుగు పట్టకుండా నూనె పూసేవారు. ఆకు నుంచి వస్తువు చేసే పరిశ్రమకు కావలసిన అంచెలన్నీ అందులోనే ఉన్నాయి.

ఈ దారిలో నడిచిన విశ్వవిద్యాలయ స్టార్టప్‌కు మన దేశంలో బాగా తెలిసిన ఉదాహరణ బెంగళూరులోని క్రైస్ట్ విశ్వవిద్యాలయానిది. అక్కడ ఆంగ్లం బోధించే సాజీ వర్గీస్, ప్రాంగణంలో రాలి ఎండిన కొబ్బరాకు తనంత తానే గొట్టంలా చుట్టుకుని ఉండటం గమనించి, దాన్ని స్ట్రాగా మార్చవచ్చునని ఆలోచించారు. సన్‌బర్డ్ స్ట్రాస్ పేరుతో వచ్చిన ఆ ఉత్పత్తి తయారీలో ఎండిన ఆకును శుభ్రపరిచి, ఆవిరికి పెట్టి, పొరలుగా చుడతారు. ఆవిరి తగిలినప్పుడు ఆకులోని సహజమైన మైనం పైకి తేలి స్ట్రాకు మెరుపునూ నీటికి తట్టుకునే గుణాన్నీ ఇస్తుందని తయారీదారుల వివరణ. చుట్టే పనిని గ్రామాల్లోని మహిళలకు అప్పగించారు. ఆలోచన వచ్చింది రసాయన శాస్త్ర విభాగం నుంచి కాకపోవడం ఈ కథలో నాకు నచ్చిన అంశం.

ఈ దారికి ఆకు ఎంత కావాలో ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఒక మట్టకు సుమారు 200 చిన్నాకులు ఉంటాయి. మచ్చలు, చిరుగులు పోను సగం పనికొస్తాయని, ఒక్కో చిన్నాకు నుంచి రెండు స్ట్రాలు వస్తాయని అనుకుంటే మట్టకు 200 స్ట్రాలు. నెలకు ఐదు లక్షల స్ట్రాలు చేసే కేంద్రానికి 2,500 మట్టలు కావాలి, ఏడాదికి 30,000. ఎకరానికి 840 చొప్పున ఇది కేవలం 36 ఎకరాల తోట ఆకు. ఒక్క ఊరు చాలు. ఇంత చిన్న మొత్తంతో నడవడం ఈ దారికి బలం. అదే దాని పరిమితి కూడా, ఎందుకంటే వేల ఎకరాల్లో పడి ఉన్న ఆకులో అది ముట్టేది పిసరంతే. ఖర్చు ఆకులో కాదు, చేతి పనిలో ఉంటుంది. రోజు కూలి 400 రూపాయలు, ఒక మనిషి రోజుకు 400 స్ట్రాలు అనుకుంటే స్ట్రాకు కూలే ఒక రూపాయి పడుతుంది. కాగితం స్ట్రా, ప్లాస్టిక్ స్ట్రా యంత్రం మీద నిమిషానికి వందల కొద్దీ వస్తాయి.

నార తీయడం, గుజ్జు చేయడం

రెండో దారిలో ఆకు రూపం పోయి నార మిగులుతుంది. దీనికి ప్రపంచంలో పేరుపడిన ఉదాహరణ పినాటెక్స్. స్పెయిన్‌కు చెందిన తోలు నిపుణురాలు కార్మెన్ హిజోసా ఫిలిప్పీన్స్‌లో అనాస ఆకు నారతో నేసే సంప్రదాయాన్ని చూసి, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డాక్టరేట్ పరిశోధనగా ఆ పనిని ముందుకు తీసుకెళ్ళి, తోలుకు బదులుగా వాడగల బట్టను రూపొందించారు. చదరపు మీటరు బట్టకు దాదాపు 480 అనాస ఆకులు పడతాయి. అయితే అది నూటికి నూరు పాళ్ళు ఆకు కాదు. నారకు పాలీలాక్టిక్ ఆమ్లం అనే మొక్కజొన్న ఆధారిత ప్లాస్టిక్ కలుపుతారు, పైన రెసిన్ పూత వేస్తారు. అవి లేకపోతే బూటుగా, సంచిగా నిలబడదు. ఆకు ఉత్పత్తి అనే మాట విన్నప్పుడు అందులో ఆకు ఎంత, మిగతాది ఏమిటి అని అడగడం ఎందుకు అవసరమో ఈ ఉదాహరణ చెబుతుంది.

డెల్టాలో ఈ దారికి దగ్గరైనది అరటి నార. కడియపులంక పూల మార్కెట్ పరిసరాల్లో దండలు గుచ్చేవారికి ఆ నార కొత్తది కాదు. కానీ పూలు కట్టే నారకూ, బట్ట నేసే నారకూ మధ్య నీరు అనే పెద్ద అడ్డంకి ఉంది. 30 కిలోల బోదెలో దాదాపు 27 కిలోలు నీరే. మిగిలిన మూడు కిలోల పొడి పదార్థంలో శుభ్రమైన నారగా చేతికొచ్చేది కిలో లోపే. బోదెను బండికెత్తి ఫ్యాక్టరీకి తోలితే కిరాయిలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళకు కట్టినట్టు. అందుకే అరటి నార విషయంలో యంత్రాన్ని తోట దగ్గరికి తీసుకెళ్ళడమే తప్ప తోటను యంత్రం దగ్గరికి తేవడం గిట్టదు.

మూడో దారి గుజ్జు. ఆకును క్షారంతో ఉడికించి లిగ్నిన్‌ను కరిగించి, మిగిలిన సెల్యులోజ్ నారలతో కాగితం గానీ, అచ్చులో నొక్కిన పళ్ళేలు గానీ చేస్తారు. ఢిల్లీ ఐఐటీలో మొదలైన క్రియా ల్యాబ్స్ వరిగడ్డి నుంచి ఇలా గుజ్జు తీసింది. ఉక్రెయిన్‌లో మొదలైన రిలీఫ్ పేపర్ నగరాల్లో ఊడ్చిన ఆకులతో కాగితం చేస్తోంది. 2.3 టన్నుల ఆకు నుంచి ఒక టన్ను సెల్యులోజ్ వస్తుందని ఆ కంపెనీ చెప్పే లెక్క.

అదే నిష్పత్తి కొబ్బరాకుకూ వర్తిస్తుందని తాత్కాలికంగా అనుకుందాం. రోజుకు ఐదు టన్నుల గుజ్జు చేసే చిన్న యూనిట్ ఏడాదికి 300 రోజులు నడిస్తే 1,500 టన్నుల గుజ్జు, దానికి 3,450 టన్నుల ఆకు కావాలి. ఎకరానికి మూడు టన్నుల చొప్పున 1,150 ఎకరాల్లో ఒక్క మట్ట కూడా వదలకుండా ఏరాలి. స్ట్రాల కేంద్రానికి 36 ఎకరాలు, చిన్న గుజ్జు యూనిట్‌కు 1,150 ఎకరాలు. ఆకు నుంచి వస్తువు అనే ఒకే మాట కింద ఎంత వేర్వేరు వ్యాపారాలు దాగి ఉన్నాయో ఈ రెండు అంకెలు చూపిస్తాయి. పైగా గుజ్జుగా మారిన క్షణం నుంచి అది కొబ్బరాకు అన్న గుర్తింపు పోతుంది. అప్పుడది రాజమహేంద్రవరంలోని కాగితం మిల్లు సుబాబుల్, సరుగుడు కర్రల నుంచి తీసే గుజ్జుతో ధరలో పోటీ పడాలి. అలాంటి మిల్లులు రోజుకు వందల టన్నుల గుజ్జు తీస్తాయి.

ఇంకా లోతుకు వెళ్ళి సెల్యులోజ్‌ను అతి సూక్ష్మమైన పోగులుగా చీల్చడం, ఆకును గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేయడం, చక్కెరలుగా విడగొట్టి ఇథనాల్ తీయడం కూడా ఉన్నాయి. వీటికి ఆకు ఏ చెట్టుదన్నది పెద్ద విషయం కాదు, ఏ గడ్డయినా సరిపోతుంది. అందుకే డెల్టాకు ప్రత్యేకమైన అవకాశంగా వాటిని చూడటం కష్టం.

నీటి ప్రశ్న

గుజ్జు తయారీకి డెల్టాలో ఉన్న ప్రత్యేకమైన చిక్కు కాలువలు. క్షారంతో ఉడికించాక మిగిలే లిగ్నిన్ నిండిన నల్లటి ద్రావణాన్ని పెద్ద మిల్లులు చిక్కబరిచి, కాల్చి, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటాయి. ఆ ఏర్పాటు చిన్న యూనిట్లకు భరించలేని ఖర్చు. శుద్ధి సరిగా లేకపోతే ఆ ద్రావణం చివరికి చేరేది కాలువలోకే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగే ఈ కాలువల నీరు పొలాలకే కాదు, గ్రామాల మంచినీటి చెరువులకూ ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకోవడం ఇక్కడి ఏటేటి పని. అదే కాలంలో యూనిట్‌కు కూడా నీటి ఎద్దడి వస్తుంది. కాబట్టి ఆకు గుజ్జు పరిశ్రమ పర్యావరణానికి మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఆకును బట్టి కాక, మురుగు గొట్టం చివర ఏముందన్నదాన్ని బట్టి జవాబు చెప్పాలి.

విశ్వవిద్యాలయ స్టార్టప్ అంటే ఎవరిది?

ఆచార్యుడో, పరిశోధక విద్యార్థో కనుగొన్న పద్ధతి పేటెంట్‌గా నమోదై, దాన్ని వాడుకునే హక్కుతో ఒక కంపెనీ ఏర్పడితే దాన్ని స్థూలంగా విశ్వవిద్యాలయ స్టార్టప్ అంటున్నాం. కనుగొన్నది వ్యక్తి అయినా ప్రయోగశాల, జీతం, పరికరాలు సంస్థవి కాబట్టి హక్కులో ఎవరి వాటా ఎంత అన్న తగువు సహజం. కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం, సంస్థ అందించిన సదుపాయాలకు బదులుగా కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చునని సూచించింది. అధ్యాపకులు, విద్యార్థులు చదువు, ఉద్యోగం వదలకుండానే కంపెనీ పెట్టే వీలు కల్పించింది. విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గింపు 2021లో వచ్చింది.

ఇక్కడ డెల్టా వారికి పట్టింపు ఉండవలసిన చట్టపు అంశం ఒకటి ఉంది. మన పేటెంట్ చట్టంలోని మూడో సెక్షన్ సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వకూడదంటుంది. చీపురు కట్టడం, మట్ట అల్లడం, తాటాకును ఉడికించి ఆరబెట్టడం ఎవరి సొత్తూ కావు. కొత్త యంత్రానికి, కొత్త పద్ధతికి హక్కు రావచ్చు గానీ ఆకును వాడాలన్న ఆలోచనకు రాదు.

పేటెంట్ వచ్చినంత మాత్రాన వస్తువు రాదు. ప్రయోగశాలలో వంద గ్రాముల ఆకుతో చేసిన నమూనా బాగానే వస్తుంది. రోజుకు వంద కిలోలు చేయబోతే ఎండటం ఆలస్యమవుతుంది, బూజు పడుతుంది, అచ్చు పగులుతుంది. ఈ మధ్య దశకు పరిశోధన నిధులు అందవు, ఎందుకంటే అది పరిశోధన కాదు. బ్యాంకు అప్పూ అందదు, ఎందుకంటే అది ఇంకా వ్యాపారం కాదు. చాలా స్టార్టప్‌లు ఆగిపోయేది ఇక్కడే. ఆ దశలో చేయి అందించడానికే ఇంక్యుబేషన్ కేంద్రాలు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖల్లో ఒకటి రాజమహేంద్రవరానికి దక్కింది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, దాని కింద అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఎలాగూ ఉన్నాయి. చదువుకూ తోటకూ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న ప్రాంతాలు అరుదు.

బండి ఎక్కేసరికి మారిపోయే ధర

తోటలో ఉచితంగా దొరికే ఆకు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర ఉచితం కాదు. ఒక ట్రక్కు ఆటో ఒక దఫాకు 1,200 రూపాయలు తీసుకుంటుందని, అందులో విడి మట్టలు 120 పడతాయని అనుకుందాం. మూడు కిలోల చొప్పున 360 కిలోలు. కిలోకు కిరాయి మూడు రూపాయల ముప్పై పైసలు. అదే ఆకును తోటలోనే కాడ నుంచి వేరు చేసి, మోపులుగా బిగించి కట్టి 900 కిలోలు పట్టించగలిగితే కిరాయి కిలోకు రూపాయి ముప్పై పైసలకు దిగుతుంది. ఆకు గుణం మారలేదు, రసాయనం మారలేదు. కట్టిన తీరు మారింది. లంక గ్రామాల నుంచి పంటు మీద దాటించాల్సి వస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

కాలం మరో చిక్కు. కొబ్బరికాయల దింపు తీసేటప్పుడు దింపు కార్మికుడు పండిన మట్టలను కూడా కొట్టేస్తాడు కాబట్టి ఆకు కొన్ని రోజుల్లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది, మిగతా రోజుల్లో పెద్దగా ఉండదు. వానాకాలంలో డెల్టా గాలిలో ఆకు ఎండదు. ఎండని ఆకు నిల్వ చేస్తే నల్లబడుతుంది. దీనికి తోడు కొన్నేళ్ళుగా కొబ్బరి తోటలను వేధిస్తున్న సర్పిలాకార తెల్లదోమ ఉంది. అది విసర్జించే తీపి జిగురు మీద మసి లాంటి బూజు పెరిగి ఆకులు నల్లగా మారతాయి. గుజ్జు చేసేవారికి అది పెద్ద ఆటంకం కాకపోవచ్చు గానీ, నోట పెట్టుకునే స్ట్రా చేసేవారికి ఆ ఆకు పనికిరాదు. ఇందాకటి లెక్కలో సగం చిన్నాకులు పనికొస్తాయనుకోవడం, తెల్లదోమ ఉధృతంగా ఉన్న ఏడాదిలో ఆశాభావమే అవుతుంది.

నేల అడిగే వాటా

ఈ ప్రయత్నాలన్నిటి మీదా నేల శాస్త్రం వైపు నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. తోటలో రాలిన ఆకు వ్యర్థం కాదు, చెట్టు నేల నుంచి తీసుకున్న పోషకాలను తిరిగి చెల్లిస్తున్న వాయిదా అంటారు నేల శాస్త్రవేత్తలు. కొబ్బరి పాదుల్లో మట్టలు పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కుళ్ళి సేంద్రియ పదార్థం పెరుగుతుంది. కాసరగోడు సంస్థ కొబ్బరాకులను వానపాములతో ఎరువుగా మార్చే పద్ధతిని రూపొందించింది. అందులో ఆకు బరువులో దాదాపు 70 శాతం ఎరువుగా వస్తుంది.

అంకెల్లో పెడితే, ఎకరం తోట మూడు టన్నుల ఆకు నుంచి సుమారు 2.1 టన్నుల ఎరువు. కిలో ఆరు రూపాయలు అనుకుంటే 12,600 రూపాయల విలువ, అందులో కూలి, తొట్టె ఖర్చు సగం పోయినా ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. స్టార్టప్ కిలో ఆకుకు రెండు రూపాయలు ఇస్తే రైతుకు వచ్చేది కూడా ఆరు వేలే, పైగా నేలకు ఎరువు దక్కదు. ధరలు ఊహించినవే అయినా, స్టార్టప్ పోటీ పడవలసింది ప్లాస్టిక్‌తోనే కాదు, వానపాముతో కూడా అన్న విషయం ఈ లెక్క నుంచి అర్థమవుతుంది.

దీనికి స్టార్టప్‌ల వైపు వాదన కూడా తీసిపారేయదగినది కాదు. రైతులందరూ ఎరువు చేయడం లేదు, కూలీలు దొరకక చాలామంది కాల్చేస్తున్నారు, కాలితే నేలకు దక్కేది బూడిదే. కాల్చే ఆకును కొనడం నేల నుంచి లాక్కోవడం కాదు అంటారు. ఇద్దరి మాటా నిజమే, వేర్వేరు తోటల విషయంలో. కౌలు రైతు సాగు చేసే తోటలో, యజమాని అమలాపురంలోనో హైదరాబాద్‌లోనో ఉంటే, వచ్చే ఏడాది నేల సారం గురించి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుందన్నది ఈ చర్చలో తరచూ మరుగున పడే ప్రశ్న.

సహజమైనదంతా సురక్షితమేనా?

ఈ రంగానికి గిరాకీ పెంచినది 2022 జులై 1న దేశమంతటా అమలులోకి వచ్చిన నిషేధం. ప్లాస్టిక్ స్ట్రాలు, పళ్ళేలు, గ్లాసులు, చెంచాలతో సహా 19 రకాల ఒకసారి వాడి పారేసే వస్తువుల తయారీ, అమ్మకం ఆగాలని అది చెప్పింది. దాంతో ఆకు పళ్ళేలకు మార్కెట్ తెరుచుకుంది.

అయితే 2025 మేలో ఈ రంగానికి ఒక గట్టి హెచ్చరిక వచ్చింది. పోకచెట్టు ఆకు తొడుగులతో చేసిన పళ్ళేలలో సహజంగా ఉండే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఆహారంలోకి చేరే అవకాశం ఉందంటూ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వాటిని అమ్మవద్దని వ్యాపారులకు లేఖ రాసింది. ఆ పళ్ళేలకు పేరుపడిన కర్ణాటక తయారీదారులకు అది పెద్ద దెబ్బ. రసాయనం కలపలేదు, పూత వేయలేదు, అయినా ఆకులోనే ఉన్నది అడ్డం వచ్చింది. ఆ ఆల్కలాయిడ్లు పోకకు సంబంధించినవి, కొబ్బరికి ఆ మాట అంటగట్టడం సరి కాదు. కానీ తినే వస్తువుకు తగిలే ఏ ఆకునైనా దాని పేరు మీద విడిగా పరీక్షించాలన్న పాఠం మిగిలింది. తోటలో చల్లిన పురుగుమందు అవశేషాల సంగతి కూడా ఆ పరీక్షలోకే వస్తుంది.

కుళ్ళడం గురించిన మాటలోనూ మెలిక ఉంది. ఒట్టి ఆకు పెంటకుప్పలో కుళ్ళుతుంది. దాని మీద పాలీలాక్టిక్ ఆమ్లం పూత వేస్తే అది బాగా విరగడానికి 60 డిగ్రీల దగ్గరి వేడి నిలిచే పారిశ్రామిక కంపోస్టు గుంత కావాలి. పంచాయతీ చెత్త కుప్పకు ఆ వేడి రాదు. పళ్ళెంలో పులుసు కారకూడదన్నది వినియోగదారు కోరిక, కారకుండా చేసే పూత కుళ్ళకుండా కూడా చేస్తుందన్నది రసాయనం.

ఈనె ఒకరిది, ఆకు ఇంకొకరిది

డెల్టాలో ఎవరూ ఇప్పటిదాకా ఎందుకు కొనలేదన్న రెండో సందేహానికి వస్తే, నిజానికి కొంటున్నారు, మట్టలో ఒక భాగాన్ని. చీపుర్లు కట్టేవారికి కావలసింది చిన్నాకు మధ్యలోని ఈనె. ఈనె చీరి తీశాక రెండు వైపులా ఊడివచ్చే పలుచని ఆకును వారు పారేస్తారు. స్ట్రా చుట్టేవారికి కావలసింది సరిగ్గా ఆ పలుచని ఆకే, ఈనె వారికి అడ్డు. అంటే ఆకు ఏరడం, మోయడం, కాడ నుంచి వేరు చేయడం అనే ఖరీదైన పనులు ఒకసారి జరిగిపోయిన చోటు ఊళ్ళో ముందే ఉంది. ఇందాకటి లెక్కలో కిలోకు మూడు రూపాయల చిల్లర తిన్న కిరాయి అక్కడ చీపురు ఖాతాలో పడి ఉంటుంది.

ఒక ఇబ్బంది మాత్రం మిగులుతుంది. చీపురు కట్టే మనిషి కత్తిని వేగంగా లాగుతుంది, ఆమెకు ఈనె నిలవడం ముఖ్యం, పక్కనున్న ఆకు చిరిగినా పట్టింపు లేదు. స్ట్రాకు పనికొచ్చేలా ఆకును చిరగకుండా తీయాలంటే ఆ కత్తి నిదానించాలి, లేదా ఆ పని చేసే చిన్న పరికరం ఒకటి కావాలి. గంటకు ఇన్ని ఈనెలు అని కూలి లెక్క కట్టుకునే చోట కత్తి నిదానిస్తే తగ్గే ఈనెల ఖరీదును స్ట్రా చేసేవారు భరించాలి. ఏ పేటెంట్ దరఖాస్తులోనూ కనబడని ఆ ఖరీదు, చీపురు కట్టే ఇంటి అరుగు మీద ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.